కాలుతూ తిట్టినవాడు

వెల్డింగ్ షాపు నడిపే ఒకామె తమ్ముడు యుద్ధవిమానం నడుపుతూ చనిపోయి ఏడాదైంది. వీధి మలుపులో అతని పేర రాతిఫలకం పెట్టారు. ఆవిష్కరించిన వార్డు పెద్ద మైకు పట్టుకుని, ఆ కుర్రాడు చిరునవ్వుతో, నొప్పన్నదే తెలియకుండా ప్రాణం వదిలాడన్నాడు.

ముందు వరసలో కూర్చున్న తల్లికి ఆ మాట కొత్త కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ మాటే చెప్పారు. శవపేటిక మూత మాత్రం తియ్యనివ్వలేదు.

అక్క చూపంతా వెనక స్తంభానికి ఆనుకున్న మనిషి మీదే ఉంది. తమ్ముడి విమానంలో శత్రువుల మీద తుపాకీ పేల్చేవాడు అతనే, బతికి బయటపడిందీ అతనొక్కడే. అతని వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నిప్పురవ్వల మధ్య బతికే అక్కకు అవెలాంటి గాయాలో ఒకరు చెప్పనక్కర్లేదు. తిన్నగా అతని దగ్గరకెళ్లింది.

"అన్నా, జరిగింది జరిగినట్టు మా అమ్మకు చెప్పు."

అతను వచ్చి తల్లి ఎదుట నేలమీద కూర్చున్నాడు. శత్రువుల గుండ్లు విమానం పొట్ట చీల్చాయని చెప్పాడు. పక్కసీటువాడి తల ఎగిరిపోయింది, అద్దమంతా నెత్తురు. తమ్ముడి కాళ్లకు మంట అంటుకుంది. విమానం నడిపే పిడి వదిలితే అది తిరగబడుతుంది, ఇక ఎవరూ దూకలేరు. అందుకే వదల్లేదు. అరచేతుల తోలు ఆ పిడికే అంటుకుపోయింది. ఆర్పబోయి ఇతనూ చేతులు కాల్చుకున్నాడు. తమ్ముడు మోచేత్తో ఇతని మొహం మీద గుద్ది, పళ్లు రాలగొట్టి, తలుపువైపు నెట్టాడు. ఇతను దూకి పారాచూట్ విప్పేలోపే పైన విమానం బద్దలైంది.

వార్డు పెద్ద గబగబా వేదిక దిగివచ్చి, కన్నతల్లి ముందు ఇవేం మాటలంటూ అతని భుజం పట్టి లాగాడు. అక్క ఆయన చొక్కా దొరకబుచ్చుకుని ఒక్క తోపు తోసింది. ఆయన కుర్చీలతో సహా వెల్లకిలా పడ్డాడు. మూతి పగిలింది.

తల్లి అటు చూడనైనా లేదు. "అరిచాడా నాయనా?"

"అరిచాడమ్మా, గొంతు చీలిపోయేలా. దూకరా దున్నపోతా అని నన్ను తిడుతూనే అరిచాడు."

"తిట్టాడా?"

"అన్నీ బూతులేనమ్మా. మీ ముందు చెప్పలేను."

కబురొచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చింది.

"వాడే," అంది చివరికి. "ఆ నవ్వుతూ పోయినవాడెవడో నాకు తెలీదు."

ఆ మధ్యాహ్నం తల్లి అతన్ని ఇంటికి తీసుకెళ్లి, తనే అన్నం కలిపి నోట్లో పెట్టింది. ముద్దముద్దకీ ఒక్కో బూతు చెప్పించుకుంది.