నోటుపుస్తకం మీద లేని పన్ను

నోటుపుస్తకాల మీద పన్ను ఎత్తేశాక వచ్చిన మొదటి శనివారం కూడా వెంకటరామయ్య ఫిలోమినా కూలిలో నూటికి పన్నెండు రూపాయలు కోసుకుని, మిగతాది చేతిలో పెట్టాడు. నరసరావుపేటలో అతని బైండింగ్ షాపులో ఫిలోమినాతో కలిపి తొమ్మిదిమంది ఆడవాళ్లు రూళ్ల కాగితాలు మడిచి, కుట్టి, అట్టలు అంటిస్తారు. మూడేళ్లుగా ఈ కోత నడుస్తోంది. పుస్తకానికి సర్కారు పన్ను వేసిందట, పుస్తకం తయారుచేసేది వీళ్లే కాబట్టి వీళ్ల వంతు వీళ్లు కట్టాలట. సర్కారు పేరు చెబితే ఎవరు నోరెత్తుతారు? వీళ్లూ ఎత్తలేదు.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. టీవీలో పన్ను పోయిందని విన్ననాడు తొమ్మిదిమందీ తలా నలభై వేసుకుని, కిలో లడ్డూలు తెచ్చి ముందుగా ఓనరుకే పెట్టారు. అతను రెండు తిన్నాడు. కోత ఆగదన్న మాట తినేటప్పుడు కూడా చెప్పలేదు.

"పన్ను తీసేశారు గదయ్యా, ఇదేంది మళ్లా?" అని అడిగింది ఫిలోమినా.

"పుస్తకానికి తీసేశారమ్మా. అట్టకుంది, జిగురుకుంది, దారానికుంది. నీకు అర్థం కాదులే."

అర్థం కాలేదన్నది నిజమే. అనుమానం మాత్రం పట్టుకుంది. బయట జమీర్ ట్రాలీ ఆటోలో సరుకు కట్టుకుంటున్నాడు. మాచర్ల, వెల్దుర్తి కొట్లకు పుస్తకాలు వేసేది అతనే, బిల్లులు ఉండేదీ అతని దగ్గరే. ఆమె అడిగితే రెండు బిల్లులు తీసి చూపించాడు.

"ఇది పాతది అక్కా. పన్నెండు శాతం కొట్టువాళ్ల దగ్గరే వసూలు చేశాడు. ఇది కొత్తది, పన్ను సున్నా. మీ కూలి ఊసు రెండిట్లోనూ లేదు."

అంటే మూడేళ్లూ ఆ డబ్బు సర్కారుకు పోనేలేదు. ఫిలోమినా గబగబా లోపలికెళ్లింది. అందరినీ పోగేసి చెప్పింది. పాత కోత కూడా తిరిగి రావాలనీ, సోమవారం నిలదీయాలనీ గొడవపడి, చివరికి అందరూ ఒప్పుకున్నారు.

సోమవారం వచ్చేసరికి జమీర్ లేడు. సరుకు వేరే ఆటో ఎక్కుతోంది. వీళ్లు నోరు తెరవకముందే ఓనరు వాళ్లలో అబిదా అనే ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అరగంట తర్వాత ఆమె బయటికొచ్చింది. ఏమడిగాడంటే, ఏమీ అడగలేదు, టీ ఇచ్చి కూర్చోబెట్టాడంది. ఎవరూ నమ్మలేదు. మర్నాడు మళ్లీ అబిదానే పిలిచాడు. జమీర్ బిల్లులు చూపించిన సంగతి ఓనరుకు మోసింది ఈమేనని ఖాయం చేసేసుకున్నారు. నిలదీసే మాట అటకెక్కింది. ఆమె దగ్గరికొస్తే మాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం ఆమె కటింగ్ మిషను పక్కన ఒక్కతే కూర్చుని తినేది. అందరికన్నా ముందు మొహం తిప్పుకున్నది ఫిలోమినాయే.

గురువారం ఓనరు ఫిలోమినాను పిలిచాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. తను ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఏం పనయ్యా?"

"కూర్చోమ్మా, తొందరేముంది."

అరగంట గడిచింది. ఒక్క ప్రశ్న లేదు. ఆమె బయటికొచ్చేసరికి అందరూ తలలు వంచుకుని కుడుతున్నారు. ఒక్కరూ పలకరించలేదు. పక్కన కూర్చుని కుట్టే గురవమ్మ తన కాగితాల కట్టను అవతలికి జరుపుకుంది. అప్పుడు తెలిసింది ఫిలోమినాకు, అబిదా నాలుగు రోజులుగా ఏం పడుతోందో. 

నేరుగా అబిదా దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయిందే. నన్నూ ఏం అడగలా. మనల్ని విడగొట్టటానికే ఆ టీ."

"ఉత్తపుణ్యానికి టీ ఎవురు పోస్తారే?" అంది గురవమ్మ. ఆమెకు ఇద్దరి మీదా అనుమానమే. వాదన ముదిరింది. చివరికి గురవమ్మే జమీర్‌కు ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది. ఎవరూ మోయలేదన్నాడతను. ఆడవాళ్ల కూలి ఎందుకు కోస్తున్నావని శనివారం సాయంత్రం తనే ఓనరును అడిగాడట, అందుకే పనిలోంచి తీసేశాడట. గురవమ్మ ఫోను పెట్టేసి, తన అన్నం గిన్నె తీసుకెళ్లి అబిదా గిన్నె పక్కన పెట్టింది.

శుక్రవారం గురవమ్మకు పిలుపొచ్చింది. తొమ్మిదిమందీ లేచారు. గదిలో నిలబడడానికే చోటు చాల్లేదు. కోత ఆపాలి, మూడేళ్లదీ తిరిగివ్వాలి, జమీర్‌ను పనిలోకి తీసుకోవాలి అన్నారు.

"గుంపుతో మాట్లాడను. ఫిలోమినా ఉండు. నీది నీకిచ్చేస్తా. మిగతావాళ్లు పోండి."

ఫిలోమినా నోరు తెరిచేలోపే అబిదా అంది: "ఆమెదొక్కటే కాదు. అందరిదీ ఇక్కడే, అందరి ముందే ఇయ్యాలి."

అతను ఇవ్వనన్నాడు. వాళ్లు సూదులు బల్ల మీద పెట్టి బయట మెట్ల మీద కూర్చున్నారు. సాయంత్రానికి మాచర్ల హాస్టళ్లకు వెళ్లాల్సిన పుస్తకాలు అట్టల్లేకుండా పడున్నాయి. ఓనరు పక్క వీధి బైండింగ్ షాపుకు ఫోన్ చేసి మనుషుల్ని పంపమన్నాడు. గంటలో అక్కడి ఆడవాళ్లు పదిమంది నడుచుకుంటూ వచ్చారు. అతని మొహం విప్పారింది. పని లాక్కోవడానికే వచ్చారనుకుని గురవమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

వచ్చినవాళ్లలో ముందున్న పుల్లమ్మ గుమ్మం వైపు చూడనైనా చూడలేదు.

"మా ఓనరు నూటికి పదిహేను పట్టుకుంటన్నాడు వదినా. జమీర్ చెప్పిన ఆ బిల్లేందో మాక్కూడా చూపియ్యండి."

మెట్ల మీద అందరూ జరిగి వాళ్లకు చోటిచ్చారు. ఫిలోమినా జమీర్‌కు ఫోన్ కలిపి, ఉన్న బిల్లులన్నీ పట్టుకుని రమ్మంది.