దారం కట్టని సీసా

ఆ ఇంట్లో ఖాళీ సీసా అన్న మాటే ఉండేది కాదు. జామ్ అయిపోయిన సీసాలోకి పంచదార వచ్చేది. కాఫీ పొడి సీసాలోకి ఉప్పు, తేనె సీసాలోకి గుండీలు. నూనె డబ్బాకి పైభాగం కోయించి బట్టల క్లిప్పులు వేసుకునేవారు. ప్లంబరు భార్యకి అదో పిచ్చి. సీసాని వేడినీళ్లలో నానబెట్టి, అంటించిన కాగితాన్ని గోటితో గీకి, కిటికీ గట్టు మీద బోర్లించేది. "మా అక్క ఒక సీసా పారేసిందంటే అది పగిలిందనే లెక్క" అని, వాళ్లతోనే ఉండే చెల్లెలు నవ్వేది.

ఆ పిచ్చికీ ఓ పద్ధతుంది. తినకూడనిది ఏది పోసినా ఆ సీసా మెడకి ఎర్రదారం కట్టాలి. దారం ఉన్నదాన్ని వంటకి ముట్టుకోకూడదు. ఉన్నదే ముగ్గురు. ముగ్గురికీ తెలిసిన సంగతే.

ఆ సాయంత్రం ప్లంబరు ఇంటికొచ్చి సంచీ విప్పేసరికి, మూసుకుపోయిన గొట్టాల్లో పోసే కాస్టిక్ సోడా పొట్లం అడుగు చిరిగి ఉంది. తెల్లటి పలుకులు పనిముట్ల మీద రాలుతున్నాయి. భార్య బజారుకెళ్లింది. కిటికీ గట్టు మీద ఆరుతున్న జామ్ సీసా అందుకుని, మిగిలిన పలుకులు అందులో ఒంపి, మూత బిగించి పొయ్యి పక్కన పెట్టాడు. వేళ్లు చురుక్కుమంటున్నాయి. ముందు చేతులు కడుక్కుని తర్వాత దారం కడదామనుకున్నాడు. కడుక్కుంటుండగానే ఫోను మోగింది. ఎవరింట్లోనో గొట్టం పగిలి నీళ్లు గదిలోకి వస్తున్నాయట. తడిచేతులతోనే సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

బజారునుంచి వచ్చిన భార్య పొయ్యి పక్కన దారం లేని సీసా చూసింది. పంచదార సీసా బయటే వదిలేశారనుకుని అలమరలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున చెల్లెలికి ఆలస్యమైంది. ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. గేటు మూసేలోపల చేరకపోతే ఆ పూట పని పోయినట్టే. టీ కాచుకుని, చేతికందిన సీసాలోంచి రెండు చెంచాలు వేసి కలిపింది. టీ నల్లబడింది. ఎక్కువ మరిగిందనుకుంది కాబోలు, నిలబడే రెండు పెద్ద గుక్కలు మింగింది.

ప్లంబరు చెప్పులు వేసుకుంటున్నాడు. కప్పు పగిలిన చప్పుడుకి లోపలికి పరిగెత్తాడు. మరదలు రెండు చేతులతో గొంతు పట్టుకుని గోడకి జారిపోతోంది. పెదవులు అప్పుడే తెల్లబడి ఉబ్బుతున్నాయి. గట్టు మీద మూత తీసిన సీసా ఉంది. చూడగానే అతనికి అర్థమైంది.

"వాంతి చేయించకు! నోరు కడుగు, నీళ్లతో కడుగు!" అని అరిచాడు. భార్య చెంబుతో నీళ్లు తెచ్చి కడిగింది. అతను మరదలిని భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు "ఏం తాగింది?" అనడిగితే "కాస్టిక్" అన్నాడు. "అది టీలోకి ఎలా వచ్చింది?" అని మళ్లీ అడిగాడు డాక్టరు. అతను కూడదీసుకునేలోపు భార్యే గుండెలు బాదుకుంటూ అందుకుంది.

"నేనే పోశానండీ. నెల కిందట ఈయన తెస్తే నేనే సీసాలో పోశాను. దారం కట్టడం మరిచిపోయానేమో! నా చేతులు పడిపోనూ!"

నెల కిందట ఆమె పోసిన సీసాకి దారం శుభ్రంగానే కట్టింది. దాన్ని అతను పనికి పట్టుకెళ్లాడు, అక్కడే పగిలిపోయింది. ఆ మాట చెప్పాలి. ఆ క్షణంలో చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాడు. ఆ తర్వాత అనేది రోజురోజుకీ బరువెక్కిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఆసుపత్రి వరండాల్లో తిరిగాడు.

మరదలు బతికింది. కానీ అన్నవాహిక లోపల కాలి, మానేకొద్దీ ముడుచుకుపోతోంది. పొట్టకి చిన్న గొట్టం పెట్టి అందులోంచి పాలూ, వడకట్టిన జావా పోస్తున్నారు. మాట గుసగుసలాగా మిగిలింది. ఇంట్లో సీసాలన్నీ అక్క గోతంలో వేసి చెత్తకుండీ దగ్గర పెట్టొచ్చింది. చెల్లెలికి ప్రతి పూటా గొట్టంలో పోసేటప్పుడు తన చేతులవైపు తనే అసహ్యంగా చూసుకునేది. తిండి తగ్గించేసింది. రెండు నెలల్లో సగమైపోయింది. సీసాకైతే మూత బిగించొచ్చు, ఊరి నోటికి ఎవరు బిగిస్తారు? "పిసినారితనం ఎంత పనిచేసిందో చూశారా" అని మెట్లమీద ఆగి మరీ చెప్పుకునేవారు.

ఓ రోజు మధ్యాహ్నం అత్తగారు చిన్నకూతుర్ని చూడ్డానికి వచ్చింది. గొట్టం చూసి తట్టుకోలేకపోయింది.

"చెత్త సీసాలు పోగేసి పోగేసి నా బిడ్డ గొంతు కాల్చావు కదే! ఒక కొత్త డబ్బా కొంటే నీ సొమ్మేం పోయేదే?"

భార్య తల దించుకుంది. "అవునమ్మా. నేనే చేశాను" అంది.

ఆ మాట వినగానే ప్లంబరు ముందుకొచ్చాడు.

"తను కాదత్తయ్యా. పోసింది నేను. ముందురోజు సాయంత్రం పొట్లం చిరిగితే పోశాను. దారం కట్టలేదు."

మంచం మీద మరదలు మోచేతి మీద లేచింది. గాలి పీల్చుకుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది.

"మరిచిపోవడం... ఎవరికైనా జరుగుద్ది బావా. అక్కని ఇన్నాళ్లు... ఏడవనిచ్చావేం?"

భయపడ్డానంటే ఆ మాట ఎంత చిన్నదో అతనికే తెలుసు.

భార్య తిట్టలేదు, కొట్టలేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది, ఎక్కడో చూసినట్టుంది గానీ గుర్తురాని మనిషిని చూసినట్టు. తర్వాత లేచి రెండు సంచుల్లో బట్టలు సర్దింది. చెల్లెల్ని తీసుకుని తల్లితో వెళ్లిపోయింది.

అన్నవాహికని సాగదీయడానికి పదిహేను రోజులకోసారి ఆసుపత్రికి రమ్మన్నారు. వాళ్లు వెళ్లిన ప్రతిసారీ అతను ముందే వచ్చి చీటీ తీయించి, బెంచీ చివర కూర్చునేవాడు. అక్కాచెల్లెళ్లు ఆ చివర, అతను ఈ చివర. ఎనిమిదోసారి డాక్టరు బయటికొచ్చి, సాగదీసిన చోటు మళ్లీ మూసుకుపోయిందనీ, ఇక ఆపరేషనే దారనీ, దానికీ పూచీ ఇవ్వలేననీ చెప్పాడు.

భార్య విన్నది. కళ్లు తుడుచుకుని, అన్ని నెలల తర్వాత మొదటిసారి అతనితో మాట్లాడింది.

"ఆపరేషను కాగితాల మీద సంతకం నేను పెడతాను. మీరు పనికెళ్లండి."

అతను వెళ్లలేదు. చీకటి పడి కాపలామనిషి లేపేదాకా ఆ బెంచీ మీదే ఉన్నాడు. అప్పటికి వాళ్లిద్దరూ వెళ్లిపోయి చాలాసేపయింది.