మంచం కాళ్ల దగ్గరి మాట

మైమూన్ పడుకున్న మంచానికి కాళ్లవైపు ఒక అట్ట వేలాడుతూ ఉండేది. దాని మీద జ్వరం ఎక్కిదిగిన గీతలు, కింద ఒక ఇంగ్లీషు మాట. పాత అట్ట నిండిపోయిందని ఆ రోజు పొద్దున్నే నర్సు కమలమ్మ కొత్తది కట్టి, కొత్త మాట రాసిపోయింది. నేను కూడబలుక్కుని చదివాను. ఎఫ్, ఏ, ఐ, ఆర్. అక్షరాలు వచ్చు. అర్థం రాదు.

నా బిడ్డకు విషజ్వరం పట్టి అప్పటికి పదిహేడు రోజులు. జమ్మలమడుగు ఆసుపత్రిలో చేర్చి పది రోజులు.

నాకు చదువు ఎవరూ చెప్పలేదు. పెండ్లయిన ఆరో ఏడు మా ఆయన పట్టాళంలో చేరి ముద్దనూరు స్టేషన్లో రైలెక్కాడు. మళ్లీ రాలేదు. ఆయన పోయాడన్న ఉత్తరాన్ని పులివెందులలో మా ఇంటి ముందు, దూది ఏకుతున్న పదిమంది మధ్య, పోస్టుమాను చదివాడు. నా మొగుడి చావు నాకంటే ముందు అతనికి తెలిసింది. ఆ రోజు నుంచి పొట్లాల కాగితాలు, గోడల మీది రాతలు చూసి చదవడం నేర్చుకున్నాను. తెలుగు బాగానే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల దగ్గరే ఆగిపోయింది.

మధ్యాహ్నం మా వియ్యంకుడు ఫకీర్ సాహెబ్ వచ్చాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెల్లే, నాలుగ్గంటల బస్సుకు పిల్లను ఇంటికి తీస్కపోదాం."

"ఇట్లుండే పిల్లను బస్సులోనా అన్నా?"

"ఈ పొద్దయితే ఎక్కించుకుంటారు. రేపు ఏమన్నా అయితే ఏ బస్సోడూ ఎక్కించుకోడు."

ఆయన భార్య కర్నూలు ఆసుపత్రిలో పోయింది. శవాన్ని తీసుకురావడానికి దారి దొరక్క, తెలిసినవాడు ఒక్కడు లేని ఆ ఊళ్లోనే మట్టి చేసి వచ్చాడు. మా వైపు రోగం ముదిరితే ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చుకోవడం అందుకే. అల్లుడు గుంతకల్లులో రైలు పనిలో ఉన్నాడు. తంతి ఇచ్చాం, రాలేదు. తేల్చుకోవలసింది మేమిద్దరమే.

డాక్టరమ్మ పల్లెలకు పోయింది, మరుసటి రోజు పొద్దున గానీ రాదు. కమలమ్మను పట్టుకున్నాను. ఆమెది గుంటూరు వైపు.

"రోగి సంగతి డాక్టరమ్మే చెప్పాలండీ. నేను చెప్పకూడదు."

"రాసింది నువ్వే కదమ్మా."

"రాయడం వేరు, చెప్పడం వేరు."

ఇక మిగిలింది ఆ మాటే.

"దాని అర్థం కనుక్కోనీ అన్నా. తర్వాత నీ ఇష్టం," అన్నాను.

"మూడున్నర లోపల రా," అన్నాడు.

మాటను కాగితం మీద ఎక్కించుకుని వరండాలోకి వచ్చాను. పక్క మంచం ముసలమ్మ కొడుకు గౌస్ మొహిద్దీన్ అక్కడ బీడీ తాగుతున్నాడు. ప్రొద్దుటూరు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా.

"ఏంది పెద్దమ్మా, ఈ వయసులో పరీక్షకు పోతాండావా?"

"దీని అర్థం చెప్పు నాయనా."

"ఇదా! దినామూ నా చేతికింద పోయే మాటే. ఫెయిర్. ముందు చిత్తు రాస్తాం. కొట్టివేతలూ దిద్దుబాట్లూ అయినాక శుభ్రంగా ఎత్తి రాస్తాం. అది ఫెయిర్ కాపీ. ఇంగ దాంట్లో మార్చేది ఏమీ ఉండదు, సంతకం పెట్టి పంపించేయడమే."

"మనుషులకు గూడా అట్లే రాస్తారా?"

"నాది కాగితాల పని పెద్దమ్మా, మనుషుల సంగతి నాకేం తెలుసు? ఆ... తెల్లగా ఉండే పిల్లను గూడా ఫెయిర్ అంటారులే."

మైమూన్ చామనచాయ పిల్ల. ఈ పది రోజుల్లో నెత్తురు లేక పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి రాశారా అనిపించింది.

రోడ్డు దాటి బడికి పరుగెత్తాను. దేవపాలు అయ్యవారి దగ్గర లావుపాటి నిఘంటువు ఉందని విన్నాను. ఆయన పిల్లలకు లెక్కలు ఇస్తున్నాడు. అవి అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తర్వాత పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివాడు.

"న్యాయమైన. పక్షపాతం లేని. అందమైన. తెల్లని. మబ్బు లేని, అంటే ఆకాశానికి వాడతారు. ఇదో, ఓ మాదిరి."

"ఓ మాదిరి అంటే?"

"బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. దీనికి వేరే అర్థాలు ఇంగా ఉండాయి. ఒక్కోటీ ఒక్కో దారి."

"వీట్లో నా బిడ్డకు ఏది అయ్యవారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పుస్తకం అన్నీ చెప్తాదమ్మా, ఎవరికి ఏదో చెప్పదు. ఆసుపత్రిలో కాబట్టి ఓ మాదిరి అనే అనుకోవాల. అది ఇట్లయినా పోవచ్చు, అట్లయినా పోవచ్చు."

అంతలో గంట కొట్టారు. ఎన్ని గంటలని అడిగాను. మూడూ ముప్పావు అన్నాడు.

వచ్చేసరికి వరండా బల్ల మీద మైమూన్ ఉంది. బొంత చుట్టి, మామ భుజానికి ఆనించి కూర్చోబెట్టారు. కమలమ్మ పక్కన నిలబడి, "డాక్టరమ్మ చెప్పకుండా పంపలేనండీ, మీరే తీసుకుపోతున్నట్టు రాసివ్వండి," అంటోంది. మైమూన్ పెదవులు పగిలి నల్లబడ్డాయి.

"యాడికి పోయినావమ్మా? కండ్లు తెరిస్తే లేవు," అంది.

నేను లేని ఆ కాసేపట్లో అది పోయుంటే? ఒక మాట కోసం ఊరంతా తిరుగుతూ ఉండేదాన్ని.

"చెప్పు చెల్లే. ఏముండాది దాంట్లో?" ఫకీర్ సాహెబ్ నా మొహంలోకే చూస్తున్నాడు. బస్టాండు వైపు నుంచి హారన్ వినిపించింది.

నా గుప్పిట్లో ఉన్న అర్థాల్లో ఒక్కటీ బిడ్డ బతుకుతుందని చెప్పలేదు. పోతుందని కూడా చెప్పలేదు. కానీ ఆ మెడ నిలబడని పిల్లను గుంతల రోడ్డు మీద పులివెందుల దాకా బస్సులో కుదిపితే ఏమవుతుందో చెప్పడానికి పుస్తకం అక్కరలేదు.

"నయమవుతాందని రాసినారన్నా. గండం గడిచింది, కదిలించగూడదు అని."

"కదిలించగూడదని గూడా ఆ నాలుగక్షరాల్లోనే ఉండాదా?"

"ఇంగ్లీషు కదన్నా. రవ్వంతలో శానా చెప్తారు."

కమలమ్మ నా వైపు చూసింది. ఏదో అనబోయి ఆగి, మైమూన్ చంకల కింద చేతులు వేసింది. "లోపలికి పట్టండి," అంది.

ఫకీర్ సాహెబ్ కదల్లేదు. "రేపు ఏమన్నా అయితే?"

"ఆ పాపం నా మీద వెయ్యి."

బస్సు వెళ్లిపోయింది. దుమ్ము అణిగేదాకా ఆయన రోడ్డు వైపే చూశాడు. నేను తెల్లారేదాకా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.

మైమూన్ బతికింది. ఇరవై నాలుగో రోజుకు జ్వరం దిగింది. అట్ట మీద ఆ తర్వాత ఏం రాశారో నేను చూడలేదు.

ఫకీర్ సాహెబ్ మాత్రం పులివెందులలో కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. "మా వియ్యపురాలు ఇంగ్లీషు చదివి నా కోడల్ని నిలబెట్టింది. ఆ పొద్దు కర్నూల్లో ఈమె ఉండుంటేనా..." ఆ మాట ఎత్తగానే నేను ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి పోతాను.

నిన్న పక్కింటి ఈశ్వరమ్మ వచ్చింది. ఆమె కొడుకును కడప ఆసుపత్రిలో చేర్చారు. చేతిలో ఇంగ్లీషు కాగితం.

"చదువు పీరక్కా, ఏం రాసినారో. నువ్వు చెప్తే ధైర్యం."

కాగితం మడిచి ఆమె చేతిలోనే పెట్టాను.

"కండ్లద్దాలు యాడో పెట్టినా, కనపడలేదమ్మా," అన్నాను.

అవి నా ముక్కు మీదే ఉన్నాయి.