రెండోసారి చూసినా

మా గోవింద్ సముద్రంలో పడిపోలేదు. తనే దిగాడు. ఈ మాట నేనెంత అరిచి చెప్పినా మా పేటలో ఎవరికీ ఎక్కడం లేదు. జారిపడ్డాడని కొందరు, పోయిన మా అయ్య పిలిచాడని ఇంకొందరు. పలకరించడానికని వచ్చిన ఆడవాళ్ళు కూడా మా గుమ్మంలో చతికిలబడి, "సముద్రం పిలిస్తే ఎవులాపగలరే దేవీ" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రానికి వేరే పనేమీ లేదా మా తమ్ముణ్ణి పిలవడానికి? వాడు నిద్ర పాడుచేసుకున్నాడు. కలేదో మెలకువేదో తెలియకుండా చేసుకున్నాడు. నడి నీళ్ళలో బోటు దిగిపోయాడు. జరిగింది అంతే.

ఆ రోజు బోటు నడిపింది మా మావ దాలయ్య. ఫోన్లూ యంత్రాలూ ఎన్ని వచ్చినా వల వేసే చోటు గుర్తుపట్టడానికి మావాళ్ళకి పాత అలవాటు పోలేదు. ఒడ్డునున్న లైట్‌హౌసూ, దాని వెనక దూరంగా కనబడే కొండా ఒకే వరసలోకి వస్తే అదే చోటు. ఆ వరస చూసి చెప్పడం గోవింద్ పని. ఒకసారి చూస్తాడు, వల సర్దుకుంటాడు, ఈలోగా బోటు పక్కకి జరిగిపోయిందేమోనని మళ్ళీ చూస్తాడు. ఆ ఉదయం మొదటిసారి చూసినప్పుడు లైట్‌హౌస్ ఉంది. రెండోసారి తల తిప్పేసరికి మంచు కమ్మేసింది. లైట్‌హౌస్ లేదు.

"నవ్వినాడే దేవీ," అన్నాడు మావ. "'ఓహో, కలేనా' అనీసి, అరుగు దిగినట్టు దిగిపోనాడు. మోటారు తిరుగుతన్నాది. నాను ఆపీసరికే దాని రెక్క కాలికి తగిలీసినాది."

పిక్క మీద కుట్లు పడ్డాయి. మావ తేల్చి చెప్పేశాడు. "ఆడి బుర్ర కుదురుకునీదాకా నా బోటు ఎక్కొద్దను. ఇంకోపాలి ఇలాగైతే నాను అందుకోనేను."

ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే వాణ్ణి నిలదీశాను.

"ఏటి కల? ఏటి సూసి దిగినావు? సెప్పు!"

'అప్పా' అని మొదలుపెట్టి, అక్క ముందు తల దించుకుని చెప్పుకొచ్చాడు. కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవచ్చట. తెలిస్తే దాన్ని మనకి కావలసినట్టు నడుపుకోవచ్చట. ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాడు. ఆ వీడియోలు చేసే ఉపేంద్ర అనే ఆయన విజయనగరంలో క్లాసు పెడితే బస్సెక్కి వెళ్ళి మరీ నేర్చుకున్నాడు. సగం నిద్రలో మోగేలా అలారం పెట్టుకుని లేచి, కాసేపు మెలకువగా ఉండి మళ్ళీ పడుకుంటే అలాంటి కల వస్తుందట. చీకటితో వేటకి పోయేవాడికి అసలు ఉండేదే కాస్త నిద్ర. దాన్ని కూడా నెలల తరబడి ముక్కలు చేసుకున్నాడు.

"అంత కష్టపడి ఏటి సూస్తన్నావురా?"

"అయ్యని."

మా అయ్య లక్ష్ముడు రెండేళ్ళ క్రితం బోటు తిరగబడి చనిపోయాడు. ఆ బోటులో గోవింద్ కూడా ఉన్నాడు. అయ్య చెయ్యి పట్టుకున్నాడు కూడా. కెరటం విడదీసేసింది. ఇప్పుడు కలలో నీళ్ళలోకి దిగి ఆ చెయ్యి అందుకుంటున్నాడట. కల అని తెలిస్తే చాలు, భయం లేకుండా దిగిపోవచ్చట.

ఏడవాల్సిన చోట నాకు కోపమే వచ్చింది. అయ్య ఎలాగూ పోయాడు. వీడు కూడా పోతే అమ్మా నేనూ ఎవరిని కలగనాలి?

కర్ర సాయంతో నడవగలిగిన రోజునే వాణ్ణి విజయనగరం తీసుకుపోయాను. కోట దగ్గర ఆటో దిగితే, ఒక షాపు మేడ మీద ఆ క్లాసు గది. నీలం గోడలు, చాపలు, అగరొత్తుల వాసన. ఉపేంద్ర కుర్రవాడే. గొంతు ఎంత మెత్తగా ఉందంటే వినగానే నాకు ఇంకా మండింది.

"కూర్చోండమ్మా. ముందు ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకోండి."

"ఊపిరందక కొట్టుకున్నోడు ఈడు బాబూ. నాకెందుకు సెప్తావు?"

"ఇందులో ప్రమాదం ఏమీ లేదమ్మా. ఎంతోమంది చేస్తున్నారు. కలలో ఏం జరిగినా ఒంటికి దెబ్బ తగలదు."

గోవింద్ ప్యాంటు పైకి లాగి కుట్లు చూపించాను. "ఇది కల్లో తగిలినాదేటి?"

అతని మొహంలో రంగు మారింది. బోటు సంగతి విన్నాక చాప మీద ముందుకి జరిగాడు. "కలా కాదా అని పరీక్ష చేసుకోమన్న మాట నిజమే. మారని వస్తువుని రెండుసార్లు చూడమన్నాను. గోడ గడియారమో, తలుపు మీద పేరో. మెలకువలో అది మారదు, కలలో మారిపోతుంది అన్నాను."

అప్పుడు గోవింద్ నోరు విప్పాడు. "బోటు మీద గడియారం ఏటుంటాది సార్? మాకు మారనిది లైట్‌హౌసే. తాతల కాడ్నించి దాన్ని సూసే వల ఏస్తన్నాము. అందికే నాను పరీచ్చకి దాన్నే ఎట్టుకున్నాను."

నేను ఉపేంద్ర మీదికి తిరిగాను.

"ఈడేటి పని సేస్తాడో అడిగినావా? ఎంతసేపు పడుకుంతాడో అడిగినావా? ఇంట్లో ఎవులైనా పోనారా అని అడిగినావా?"

"ఆరోగ్య సమస్యలు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని కలవమని చివర్లో చెప్తానమ్మా."

ఆ మాట గోవింద్ ఫోన్లో వీడియో చివర నేనూ విన్నాను. టీవీలో ప్రకటన అయిపోయాక గడగడా చదివేస్తారే, అలా చెప్పి వదిలేశాడు. "మావోడికి జొరం నేదు, దగ్గు నేదు. ఆడికున్నాది దుఃఖం. అది ఆరోగ్య సమస్యని ఆడికెలా తెలుస్తాది?"

"అడగాల్సింది. నేను అడగలేదు," అన్నాడు. ఆ ఒప్పుకోలు విని నా కోపం తగ్గుతుందనుకున్నాడేమో. తగ్గలేదు.

అక్కణ్ణుంచి డాక్టర్ కుసుమకుమారి దగ్గరికి వెళ్ళాం. మనసుకి వైద్యం చేసే ఆవిడ. ఇది విషం, ముట్టుకోకూడదు అని ఆవిడ నోటితో అనిపించాలని నా ఆరాటం. అలా అనలేదు. "అలాంటి కలలు వచ్చినంత మాత్రాన చాలామందికి ఏ హానీ ఉండదమ్మా. ఇతనికి చెరుపు చేసింది నిద్ర ముక్కలు చేసుకోవడం. దానికి తోడు పగలంతా ఇది కలా నిజమా అని పరీక్షలు. కలకీ మెలకువకీ తేడా చెదిరినవాళ్ళు దీని జోలికి పోకూడదు. అలారం తీసేయాలి, పరీక్షలు మానేయాలి, కంటినిండా నిద్రపోవాలి. నేను చెప్పేదాకా సముద్రం వద్దు," అంది. తర్వాత వాడి వైపు తిరిగి, "మానగలవా?" అని అడిగింది.

"మానీస్తే అయ్య సెయ్యి ఎవులు పట్టుకుంతారు?"

డాక్టరమ్మ కసరలేదు. ఆ సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం, వారం వారం రావాలి అంది. నేను మాత్రం గదిలోంచి బయటికి వచ్చేదాకా పళ్ళు బిగపట్టుకుని ఉన్నాను. వచ్చాక వరండాలోనే మొదలుపెట్టాను. బతికున్న అమ్మ చెయ్యి ఎవులు పట్టుకుంతారు, నా చెయ్యి ఎవులు పట్టుకుంతారు అని నిలదీశాను. వాడు ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. అలారాలన్నీ నేనే తీసేశాను.

ఇంటికి పోవడానికి ఎక్కిన శ్రీకాకుళం బస్సులో తలుపు పక్క సీటు దొరికింది. కాలు చాపుకుంటాడని వాణ్ణి ఆ చివర కూర్చోబెట్టాను. జనం ఎక్కుతూ దిగుతూ ఉండటంతో తలుపు తెరిచే ఉంది. బస్సు ఊరు దాటి వేగం అందుకుంది. వాడి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ప్రమాదం జరిగినప్పటినుంచీ వాణ్ణి తిట్టడం తప్ప నేను చేసిందేమీ లేదని అప్పుడు తోచింది. తల మీద చెయ్యి వేసి, నాకు చేతనైనంత మెత్తగా అడిగాను.

"గోవిందూ, ఆకలేస్తన్నాదా నాన్నా?"

వాడు నన్ను చూశాడు. తల తిప్పి రోడ్డుకేసి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

అది ఉపేంద్ర నేర్పిన పరీక్ష చూపని నాకు అర్థమైంది.

"కల్లో నువ్విలాగే మాటాడతావప్పా," అన్నాడు, నెమ్మదిగా నవ్వుతూ. "కల్లో నువ్వు తిట్టవు."

అంటూనే కడ్డీ పట్టుకున్న చెయ్యి వదిలి, తలుపు వైపుకి లేచాడు.

చొక్కా కాలరు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాను. వాడు సీట్లో కూలబడ్డాడు. "కూకోరా ఎదవా!" అని అరిచిన అరుపుకి బస్సు మొత్తం ఇటు తిరిగింది. "ఎక్కడికిరా దిగుతావు? కళ్ళు కనబడతన్నాయా నేదా? కాలు సాల్నేదా, బుర్ర కూడా పగలగొట్టుకుంతావా? నాను దేవిని, నీ అప్పని. సూడు, రెండోపాలి సూడు, వందసార్లు సూడు, మారతానేటిరా నాను!"

కుట్లు పడిన కాలు సీటుకి తగిలి వాడు అబ్బా అన్నాడు. నా మొహంలోకి చూశాడు. పక్కకి తిరిగి మళ్ళీ చూశాడు. అదే మొహం, అదే కోపం. వాడి వేళ్ళు వచ్చి కడ్డీని గట్టిగా పట్టుకున్నాయి.

కండక్టరు పరుగున వచ్చి తలుపు మూశాడు. మమ్మల్ని కిటికీ వైపుకి మార్చాడు.

"అప్పా," అన్నాడు గోవింద్. "ఆపొద్దు. తిట్టు."

తిట్టాను. సిగ్గులేనోడా అన్నాను, మొండెదవా అన్నాను. అమ్మకి నీ మొహం ఎలా సూపిస్తావురా అన్నాను. ముందు సీటు ముసలాయన పాపం కుర్రాణ్ణి వదిలేయమ్మా అంటే ఆయన్ని కూడా తిట్టాను. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. మా నాన్నే, మా బంగారమే అనాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ దాన్ని మింగేసి ఇంకో తిట్టు అందుకున్నాను.

కాసేపటికి వాడి తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయాడు. శ్రీకాకుళం వచ్చేదాకా నేను తిట్టడం ఆపలేదు.