ఒకే వీధిలో రెండు కళ్ళజోళ్ళ కొట్లు

మా ఊళ్ళో ఎవరింట్లో గిన్నె కిందపడినా మర్నాటికి మూడు వీధుల అవతల అది పెద్ద కబురవుతుంది. అలాంటి ఊళ్ళో, అందరూ చూస్తుండగా, కళ్ళజోళ్ళమ్మ తన మొగుడి కొట్లోంచి లేచి, చేతులు కడుక్కుని, రోడ్డు దాటి నా జిరాక్స్ కొట్లోకి వచ్చింది.

"అక్కా, నీ కొట్లో ఈ పక్క సగం ఖాళీగానే ఉందిగా. నాకు అద్దెకిస్తావా?" అంది.

నేను ఎవరిదో ఇంటిపన్ను రసీదు కాపీ తీస్తున్నాను. మిషను మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కళ్ళజోళ్ళమ్మ అని పేరు పెట్టింది ఊరే. పెళ్ళై వచ్చిన ఏడాదే ఆ కొట్లో పని మొదలుపెట్టింది. కళ్ళ పరీక్షలో రెండేళ్ళ చదువు చదువుకుంది ఆమె. ఆ చదువు ఆయనకి లేదు. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి అక్షరాల చార్టు చదివించేది ఆమె. అద్దం అరగదీసేది ఆమె. ఫ్రేములో బిగించేదీ ఆమే. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించేవాడు. పందొమ్మిదేళ్ళు అలాగే నడిచింది. "ఆయన చెయ్యి మంచిది" అనేది ఊరు. ఆవిడ వింటూ ఊరుకునేది.

ఆ రోజు జరిగింది ఇది. పాలవ్యాను డ్రైవరు కొత్త అద్దాలు పెట్టుకుని వ్యాను తీసుకెళ్ళి బడి గోడకి గుద్దేశాడు. ఎవరికీ ఏం కాలేదు, గోడకి సున్నం ఊడింది, వ్యానుకి దీపం పగిలింది. అతను కొట్లోకి వచ్చి కేకలేశాడు. నిజానికి ఆమె రాసిన నంబరు అద్దం స్టాకులో లేకపోతే, ఆమె లేని పూట చేతికందిన ఇంకో నంబరుది ఆయనే బిగించి ఇచ్చేశాడు. కానీ కొట్టు నిండా జనం ఉండగా ఆయన నవ్వుతూ, "మా ఆవిడ పొరబాటు పడిందిలేవయ్యా, ఆడవాళ్ళ ధ్యాస ఎక్కడుంటుందో మనకి తెలీదా" అన్నాడు.

ఆమె పుస్తకం తెచ్చి తన రాత చూపించబోయింది. ఆయన ఆ పుస్తకం మూసేసి, "ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"అన్నది ఊరి ముందు. దిద్దుకునేది కూడా ఊరి ముందే" అంది ఆమె.

ఆయన మళ్ళీ నవ్వాడు. అంతే. ఆమె లేచి వచ్చేసింది.

"ఒక్క మాటకే ఇంత పంతమా?" అని ఊరంతా చెవులు కొరుక్కుంది. నేనూ ఆ రాత్రి నసుగుతూనే అడిగాను. "ఒక్క మాట కాదక్కా, అదే మాట. పందొమ్మిదేళ్ళుగా అదే" అంది. మేడ మీద నా పక్కగదిలో ఆమెకి మంచం వేశాను.

వారం తిరక్కుండా వాళ్ళన్నయ్య పెద్ద ఊరి నుంచి కారేసుకుని వచ్చాడు.

"నాతో వచ్చెయ్యమ్మా. అక్కడెవరూ ఎవరినీ ఏమీ అడగరు" అన్నాడు.

"ఎవరూ అడగని చోటికి పారిపోవడానికి నేను చేసిన తప్పేమిటన్నయ్యా? అడగనీ. చెప్తాను."

"ఈ ఊళ్ళో రోజూ వాడి మొహం చూస్తూ ఎలా బతుకుతావే?"

"వాడు కూడా నా మొహం చూడాలిగా" అంది.

ఆయన వచ్చిన కారులోనే వెనక్కి పోయాడు. వెళ్ళాక మాత్రం, పాతదే అయినా, అద్దాలు అరగదీసే మిషను ఒకటి కొని పంపించాడు. అన్నయ్య అంటే అన్నయ్యే.

ఆ తర్వాత వచ్చింది వర్తక సంఘం అధ్యక్షుడు, ఇనుపసామాన్ల కొట్టాయన. కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని, "తల్లీ, మీ సంసారంలో వేలు పెట్టడానికి రాలేదు. కానీ మొగుడిదో కొట్టు, పెళ్ళానిదో కొట్టు, అదీ ఎదురెదురుగా. చూసేవాళ్ళకి బాగుండదు. పక్క ఊళ్ళో పెట్టుకోరాదా?" అన్నాడు.

ఆమె చెయ్యి చాచి ఆయన ముక్కు మీది కళ్ళజోడు తీసుకుంది. కాడ వదులై వేలాడుతోంది. చిన్న స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి, మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

"చూసేవాళ్ళలో మీరూ ఒకరు కదండీ. ఇప్పుడు సరిగ్గా చూసి చెప్పండి. ఏం బాగాలేదు?"

ఆయన లేచి, కుర్చీ ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. కానీ ఆ నవ్వు ఎన్నో రోజులు నిలవలేదు.

ఎందుకంటే బేరం లేదు. పెద్ద ఊళ్ళో కళ్ళజోడు కొనుక్కోవడమంటే కొనుక్కోవడమే. మా ఊళ్ళో అయితే అది ఒకరి పక్షాన నిలబడటం. రోడ్డుకి ఆ పక్క ఆమె మొగుడు గల్లా దగ్గర కూర్చుని, ఎవరు మా గడప ఎక్కుతున్నారో చూస్తూనే ఉంటాడు. నా జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు కూడా ఆమెవైపు తల తిప్పకుండా, మెడ పట్టేసినవాళ్ళలా నిలబడేవాళ్ళు. ఊరికి నా మీదా కోపమే. కాకపోతే మా ఊళ్ళో ఇంకో జిరాక్స్ మిషను లేదు. నా మీద కోపం చూపించాలంటే ఎనిమిది కిలోమీటర్లు బస్సెక్కాలి. అంత కోపం ఎవరికీ రాలేదు.

ఒకరోజు బ్యాంకు గుమాస్తా దస్త్రంలో కాగితాల మధ్య విరిగిన ఫ్రేము దాచి తెచ్చాడు. నా చెవిలో, "లోపల్నుంచి ఆవిడకి అందించండి, సాయంత్రం కాగితాలతో పాటు తీసుకుంటాను" అన్నాడు.

ఆమె విననే వింది. "ఏం కావాలండీ మీకు?" అని వీధికి వినపడేట్టు అడిగింది. పాపం ఆ మనిషి దస్త్రం గుండెకి హత్తుకుని పరుగో పరుగు.

నాకు ఒళ్ళు మండింది. "వచ్చిన ఒక్క మనిషినీ తరిమేశావు కదే!"

"దాచుకుని వచ్చేవాళ్ళకి చేసిపెడితే, నేనేదో దొంగపని చేస్తున్నట్టే కదక్కా. అక్కడ పందొమ్మిదేళ్ళు లోపలి గదిలోనే పనిచేశాను. ఇక్కడ కూడా అదేనా?"

ఇలా రెండు నెలలు గడిచాయి. ఆమె రోజూ ఉదయం తొమ్మిదికి వచ్చి, బల్ల తుడిచి, చార్టు తగిలించి కూర్చునేది. రోజూ. ఒక్కోసారి నేనే కూర్చుని అక్షరాలు చదివేదాన్ని, ఆమె చెయ్యి పని మర్చిపోకుండా.

అప్పుడు వచ్చింది ఆమె అత్తగారు.

ఆ పెద్దావిడ నిప్పు. రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా వీధికంతా వినపడేట్టు చదవడం ఆవిడకి పద్ధతి. కోడలు వెళ్ళిపోయిన వారంలోనే, "నా దృష్టిలో అది చచ్చింది" అని టైలరు కొట్లో పదిమందిలో ప్రకటించింది. అలాంటి మనిషి ఒకరోజు వెనక సందులోంచి, గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి, నాకు కాగితాల కట్టలు దించే తలుపు తట్టింది.

కోడలే తీసింది.

"వాడు రెండుసార్లు అద్దాలు మార్చాడు. మెట్టు రెండు మెట్లుగా కనిపిస్తోంది. పేపరు చదివి నెలైంది. చూస్తావా?" అంది అత్తగారు. మాట కరుగ్గానే ఉంది, చెయ్యి మాత్రం గుమ్మాన్ని వదల్లేదు.

"చూస్తానత్తయ్యా. ముందు నుంచి రండి."

"ఏమిటీ?"

"నా కొట్టుకి తలుపు వీధివైపు ఉంది."

"నీ పొగరు తగలెయ్య! ముసలిదాన్ని, కళ్ళు కనపడని దాన్ని..."

"చెయ్యి పట్టుకుని నేనే నడిపించుకొస్తాను. కానీ వీధిలోంచి."

పెద్దావిడ గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కోడలు సందు చివరి దాకా నాలుగడుగులు దూరంలో వెనకే నడిచింది, ఆవిడ ఎక్కడ పడిపోతుందోనని. తిరిగొచ్చి స్టూలు మీద కూలబడి ఏడ్చింది. "తప్పు చేశానా అక్కా?" అంది. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాను. తప్పో కాదో నాకూ తెలియలేదు.

మూడోరోజు పదకొండు గంటలప్పుడు, వీధి నిండా జనం. కూరలబళ్ళు, బస్సు దిగినవాళ్ళు, బ్యాంకు ముందు వరస. పెద్దావిడ కొడుకు కొట్లోంచే బయటికొచ్చింది. కర్ర ఊతం చేసుకుని రోడ్డు మధ్యకి దిగింది. బస్సు ఆగింది.

"అమ్మా, ఎక్కడికి?" అని కొడుకు గల్లా వదిలి గుమ్మంలోకి వచ్చి అరిచాడు.

"చూపు ఎక్కడ దొరికితే అక్కడికి!" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా.

కళ్ళజోళ్ళమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. కూర్చోబెట్టగానే పెద్దావిడ, "నేను నీ తరఫున రాలేదు. నువ్వు చేసిన పని నాకిప్పటికీ నచ్చలేదు. నా కళ్ళ కోసం వచ్చాను" అంది.

"కళ్ళే చూస్తానత్తయ్యా. తక్కినవి మీ దగ్గరే ఉంచుకోండి."

అద్దం తర్వాత అద్దం మార్చి చూసింది. "ఇది బాగుందా? ఇదా?" మామూలుగా, మెల్లగా, ఎవరినైనా అడిగినట్టే. అరగంట పట్టింది. బయట జనం మాత్రం కదల్లేదు.

ఇంకో నాలుగు రోజులకి కొత్త కళ్ళజోడు పెట్టుకుని పెద్దావిడ మా గడప మీద నిలబడింది. తల ఎత్తి వీధంతా ఓసారి చూసింది. అవతల కొడుకు కొట్టు మీది బోర్డు, అలవాటైన గొంతుతో, పేపరు చదివినట్టు చదివింది.

"'ఇచ్చట కళ్ళు పరీక్ష చేయబడును.' ఒరేయ్, చేసేది ఇక్కడ కూర్చుంటే, అక్కడ ఎవరు చేస్తున్నార్రా?"

కూరలబండివాడు ముందు నవ్వాడు. తర్వాత వీధంతా నవ్వింది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే పాలవ్యాను డ్రైవరు వచ్చాడు. "నీ రాత చూడకుండా నోరు పారేసుకున్నానమ్మా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. ఆమెకి కావలసిన మాట ఆ మొగుడి దగ్గర్నుంచి రాలేదు, ఇప్పటికీ రాలేదు. బోర్డు మీద ఆ ఒక్క వరస చెరిపించి, ఇప్పుడు చలవ కళ్ళద్దాలు, ఫ్రేములు అమ్ముకుంటున్నాడు. అత్తగారు ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవడానికి వస్తుంది, కోడల్ని తిట్టి మరీ వెళ్తుంది. బ్యాంకు గుమాస్తా కూడా వస్తాడు, చేతులూపుకుంటూ, వీధి తలుపులోంచి.

ఊరు పూర్తిగా మారిందని చెబితే అబద్ధం. ఇప్పటికీ ఆమె రొట్టెల కొట్లోకి అడుగుపెట్టగానే అక్కడున్న నలుగురూ మాట ఆపేస్తారు. మొదట్లో తనకి కావలసింది తీసుకుని గబగబా వచ్చేసేది. ఇప్పుడలా కాదు. ఒక్కో రొట్టె నొక్కి చూస్తుంది, ఎప్పుడు కాల్చావని అడుగుతుంది, వాళ్ళు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టేదాకా అక్కడే నిలబడుతుంది.