సుమిత్రమ్మ ఇంటికి కూరగాయలు

"ఏం పని చేస్తవమ్మా?" వికారాబాద్ ఆసుపత్రిలో డాక్టరు ప్రియదర్శిని కాగితాల మీంచి తలెత్తి అడిగింది.

"తాండూరు మార్కెట్ల కూరగాయలమ్ముత," అంది సుమిత్రమ్మ.

"ఇగ నీకు నేను చెప్పేదేముంది! గుండె నాళాలల్ల కొవ్వు పేరుకుంటున్నది. మాత్రలు ఆపొద్దు. ఆకుకూర, బీరకాయ, చిక్కుడు, జామపండు, పీచున్నయి రోజూ తిను. ఉప్పు, నూనె తగ్గియ్యి."

సుమిత్రమ్మ బుద్ధిగా తలూపింది. పక్కన నిలబడ్డ ఆమె భర్త పాండురంగం మాత్రం డాక్టరమ్మ ముఖంలోకి చూడలేకపోయాడు. తన ఇంట్లో కూర వండి ఎన్నాళ్లయిందో అతనికి తెలుసు.

బండి మీదున్నవన్నీ అమ్మకానికే. మిగిలితే నీళ్లు చల్లి గోనెసంచి కప్పి మర్నాటికి ఉంచేది. అప్పటికీ పోకపోతే హోటలువాళ్లకు. మెత్తబడినవే ఇల్లు చేరేవి, వాటిలోనూ సగం పక్కింటి మేకకు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇద్దరూ తిన్నది అన్నం, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం.

తిరుగు రైలు కిటకిటలాడుతోంది. ఎవరో ఆమె ముఖం చూసి, అడగకుండానే లేచి సీటిచ్చాడు. కాసేపటికి పక్కాయన కూడా దిగిపోవడంతో పాండురంగానికీ చోటు దొరికింది. ధారూరు రాకముందే ఆమె నిద్రపోయి అతని భుజం మీదికి ఒరిగింది. రోజంతా నాపరాళ్లు మోసే భుజం అది, పొద్దుటి నుంచీ సలుపుతూనే ఉంది. అయినా తాండూరు దాకా కదల్చలేదు.

మూడు వారాలు గడిచాయి. పొద్దున అతను ఇంటికి కూరగాయలు అడిగితే, "బోణీ గాలే, బండిమీదికెళ్లి ఎట్ల తీస్త?" అనేది. మధ్యాహ్నం అడిగితే గిరాకీ నడుస్తోందనేది. సాయంత్రం అడిగితే, "గివి రేపు పోతయి" అనేది.

"పానం కంటె ఎక్కువనా?" అన్నాడొకసారి.

"తినొద్దని గాదయ్యా. తియ్యబోతె చెయ్యి పోతలేదు."

మర్నాడు సుమిత్రమ్మ టమాటాల పెట్టె ఎత్తబోయి, ఆయాసంతో బండి పట్టుకుని నిలబడిపోయింది. పాండురంగం పెట్టె అందుకుని సర్దాడు. ఆ రోజు నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర రెండుసార్లు రాయి చేజార్చుకుని మేస్త్రీ చేత తిట్లు తిన్నాడు.

తెల్లారి పనికి పోతూ భార్య బండి దాటి, పక్కనున్న భాగమ్మ బండి ముందు ఆగాడు. రెండు కట్టల పాలకూర, అర్ధకిలో బీరకాయలు కొన్నాడు.

"సుమిత్రక్కా! బావ నాకు బోణీ చేసిండు!" మార్కెట్టంతా వినేలా అరిచింది భాగమ్మ. "నీ బండ్లయి పురుగులు పట్టినయా ఏంది?"

సుమిత్రమ్మ బండి దగ్గర కొనడానికి వంగిన ఇద్దరు ఆడవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు.

"సిగ్గుందా నీకు?" సుమిత్రమ్మ మొగుడి మీద లేచింది. "సొంత బండి ఇడిసి పక్క బండికాడ కొంటవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నువ్వు ఇయ్యకపోతివి."

"పైసలిస్తె ఎవరికన్న ఇస్త!"

పాండురంగం ముందుగా ఏమీ అనుకుని రాలేదు. అలసటగా జేబులోంచి ఇంకో నోటు తీసి చాచాడు. "అయితె నాకూ ఇయ్యి. నేను గూడ గిరాకినే."

"ఇయ్యక్కా, బేరం గూడ చెయ్యడు," అంది భాగమ్మ.

సుమిత్రమ్మ నోటు అందుకుని అలవాటు కొద్దీ కళ్లకద్దుకుంది. తర్వాత చెయ్యి తనంతట తానే గంపల్లోకి పోయింది. లేత చిక్కుళ్లు ఏరింది. బెండకాయల కొసలు విరిచి చూసింది. జామకాయల్లో మచ్చ ఉన్నదాన్ని పక్కన పెట్టి మరొకటి వేసింది. తూకం అయ్యాక కొసరుగా కరివేపాకు రెబ్బ పెట్టింది. ఇంటికని ఆమె ఇంత శ్రద్ధగా ఏరడం పాండురంగం ఎన్నడూ చూడలేదు.

"సంచి తెచ్చినవా?"

"లేదు."

"గిరాకి మొకమే!" అని తన పాత తువ్వాలలో మూటగట్టి ఇచ్చింది. అతను ఆ మూటను బండి కింద, ఆమె అన్నం డబ్బా పక్కన పెట్టి పనికి పోయాడు.

అప్పటి నుంచి ఆ బండికి రోజూ అతనిదే బోణీ. ఉప్పు తగ్గిన కూర గడ్డిలా ఉందని ఇద్దరూ గొణుక్కుంటూనే తింటున్నారు.

ఓ మధ్యాహ్నం మిషన్ దగ్గర కరెంటు పోతే పాండురంగం మార్కెట్టుకు వచ్చాడు. సుమిత్రమ్మ గొడుగు నీడలో కూర్చుని జామకాయ కొరుకుతోంది. ఎవరో ఆమె ఒళ్లోని మూట చూపించి, "గవి ఎట్లిస్తవమ్మా?" అని అడిగారు.

సుమిత్రమ్మ మూటను దగ్గరికి లాక్కుంది.

"గివి అమ్మెటియి గావు," అంది నములుతూ. "మా ఇంటియి."