పబ్లిక్‌ది మనకెందుకు?

గోదావరిఖని గని ఆఫీసులో కార్మికుల షిఫ్టుల పట్టిక వేసే ప్రోగ్రాం రాసింది రాజకుమారి. దాన్ని తనదని మంచిర్యాలలో పెద్దసారుకు చూపించడానికి పోయింది మాత్రం సూపరింటెండెంటు రఘుపతి. అందులో ఒక్క అక్షరం ఎరగడు గానీ, కాలరెగరేసుకుని పోయాడు. నెలాఖరుకు రాజకుమారి కాంట్రాక్టు తీరిపోతుంది. ప్రోగ్రాం ఎవరిదని పెద్దసారు నమ్మితే కొత్త పని వాళ్ళకే.

పదకొండింటికి ఫోను.

"పిల్లా, ఈడి కంప్యూటర్ల మన ప్రోగ్రాం రాదేంది?"

'మన' అన్న మాటకే ఆమెకు ఒళ్ళు మండింది. అయినా ఓపిగ్గా చెప్పింది. ప్రోగ్రాం ఉన్నది సర్వరులో. కొత్త కంప్యూటరులోకి అది దిగాలంటే అక్కడ రెండు 'కీ'లు చేసుకోవాలి.

"పబ్లిక్ కీ తాళంకప్ప అసొంటిది సార్. నాకు పంపుండ్రి, సర్వరుకు తగిలిస్త. ప్రైవేట్ కీ దాని తాళంచెవి. అది మీ దగ్గర్నే ఉండాలె, ఎవ్వలికీ ఇయ్యద్దు."

"గది నాకు తెల్వదా?"

పావుగంటకు, నూట నలభై మంది ఉన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చి పడింది ప్రైవేట్ కీ!

రాజకుమారి నెత్తి కొట్టుకుంది. "పబ్లిక్‌ది పంపుమన్న గద సార్!"

"పబ్లిక్‌ది పబ్లిక్‌కు. మనం ఆఫీసోళ్ళం, మనకెందుకది?"

ముప్పై ఏళ్ళుగా కౌంటరు ముందుకొచ్చిన ప్రతి కార్మికుణ్ణీ 'పబ్లిక్' అని కసురుకున్న నోరది. కుక్క తోక వంకరని ఊరికే అన్నారా! ఆ 'కీ'లు పారేయించి, కొత్తవి చేయించి, పబ్లిక్‌ది తెప్పించుకుని సర్వరులో పెట్టింది. ప్రోగ్రాం దిగింది.

"ఫోను పెట్టెయ్యకు. సారు ఏమన్న అడిగితే చెప్పాలె" అన్నాడు రఘుపతి. పాఠం రానివాడికి చాటునుంచి అందించే పని కూడా ఆమెదే.

కాసేపటికి పెద్దసారు గొంతు వినిపించింది. "దీనికి ఎన్ని రోజులు పట్టింది నీకు?"

"ఎన్ని రోజులు పిల్లా?" అని ఫోనులో గుసగుసలాడాడు రఘుపతి.

రాజకుమారి మెల్లగా చెప్పింది. "గిట్ లాగ్ అని కొట్టుండ్రి సార్. ప్రోగ్రాం రాసిన తారీఖులన్నీ వస్తయి."

కొట్టాడు. తారీఖులు వచ్చాయి. ప్రతి తారీఖుతోనూ, ఆ రోజు పని చేసినవాళ్ళ పేరూ వచ్చింది.

"ఈ రాజకుమారి ఎవరు?"

"మా దగ్గర టైపు కొట్టే పిల్ల సార్."

"మొత్తం ఆమె పేరే ఉంది. నీ పేరేదయ్యా?"

"కింద ఉంటది సార్..."

రఘుపతి తెరను అడుగుదాకా జరిపినట్టున్నాడు. అక్కడా ఆమె పేరే.

"ఆమెను రమ్మను. నువ్వు ఆ కుర్చీలోంచి లే."

రఘుపతి ఆ కబురు చెప్పేదాకా రాజకుమారి ఆగలేదు. ఫోను పెట్టేసి, మంచిర్యాల బస్సుకు బయలుదేరింది.